వీధి గుమ్మం దగ్గర చెప్పుల కుప్ప: అల్మరా చేయించినా తీరలేదు

సన్నసందు
వీధి తలుపు తీయగానే 4 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు ఉన్న చిన్న నడవ మాది. అది దాటితే హాలు. ఇంట్లో ఐదుగురం: మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అత్తయ్య. పోయినేడాది ఆ నడవలో ఒక గోడకి తలుపులున్న చెప్పుల అల్మరా చేయించాం. 5 అడుగుల ఎత్తు, 14 అంగుళాల లోతు. అదొస్తే నేలంతా శుభ్రంగా ఉంటుందనుకున్నాను. ఏడాది తిరిగేసరికి అల్మరా నిండా ఎవరూ వేసుకోని చెప్పులు, అల్మరా ముందు నేల మీద రోజూ వేసుకునే చెప్పులు. రెక్క తెరిస్తే ముక్కు మూసుకోవాలి. అడుగున ప్లైవుడ్ ఉబ్బిపోయి ఆ రెక్క సరిగ్గా పడటం కూడా లేదు. మొన్న వాన పడిన రోజు అత్తయ్య పట్టా మీద కాలు పెట్టగానే అది జారింది. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారు కాబట్టి సరిపోయింది. నాకు మాత్రం అప్పటి నుంచి టెన్షన్‌గానే ఉంది.
కార్పెంటర్‌ని పిలిస్తే ఎదుటి గోడకి ఇంకో అల్మరా వేద్దాం అంటున్నారు. వేయించమంటారా? గుమ్మం దగ్గర ఇలాంటి ఇబ్బంది పడి బయటపడ్డవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

టేపు_బాబాయ్
వద్దమ్మా. ఇరవై రెండేళ్లుగా చెక్కపని చేస్తున్నాను. పని వస్తుందంటే ఎవరం కాదనం, అయినా ఇది వద్దనే చెప్తాను. లెక్క చూడండి. 4 అడుగులంటే 48 అంగుళాలు. అందులో 14 పోతే మిగిలింది 34. ఎదురుగా ఇంకో 14 వేస్తే 20. రెండు చేతుల్లో సంచులు పట్టుకొచ్చే మనిషి పక్కకి తిరిగి నడవాల్సి వస్తుంది. గుమ్మం నడవలో 36 అంగుళాలు ఖాళీగా ఉంటేనే దారి దారిలా ఉంటుంది. మీకు ఇప్పటికే అది లేదు.
ఇంకో మాట. ఒక వారం ఏమీ కొనకండి, గోడకి మేకు కూడా కొట్టకండి. ఎవరు వచ్చి ఎక్కడ ఏం వదులుతున్నారో చూడండి. చెప్పులు పడే చోట నేల మీద సుద్దముక్కతో గీత గీయండి. సంచి ఎక్కడ ఆనిస్తున్నారు, తాళాలు ఎక్కడ పెడుతున్నారు, గొడుగు ఎక్కడ చేరగిలబడుతోంది. ఆ గీతలే మీకు ప్లాను. సామాను ఆ గీతల దగ్గరికి రావాలి, మనుషులు సామాను దగ్గరికి రారు.

హడావిడి_అమ్మ
బాబాయ్ గారి ఆఖరి వాక్యం నేను గోడ మీద రాసిపెట్టుకుంటాను. మా పిల్లలు బడి నుంచి వచ్చి చెప్పులు విప్పడానికి రెండు సెకన్లు తీసుకుంటారు. ఆ రెండు సెకన్లలో అల్మరా రెక్క తెరిచి, అరలో పెట్టి, మళ్లీ మూయాలంటే జరిగే పనేనా? మేం కింది భాగానికి రెక్కలు ఊడదీయించేశాం. ఆ రోజు నుంచే చెప్పులు లోపలికి వెళ్లడం మొదలైంది. నేను ఒక్క మాట కూడా చెప్పలేదు.

నిదానం
రెక్కలు తీసేస్తే వచ్చినవాళ్లకి మొట్టమొదట కనిపించేది చెప్పులే కదండీ. దుమ్ము కూడా పడుతుంది. నాకైతే మూసి ఉండాల్సిందే. రెక్కలు పలకల్లా కాకుండా చీలికలు చీలికలుగా ఉండేవి వేయించుకుంటే గాలి ఆడుతుంది, కంటికీ బాగుంటుంది.

హడావిడి_అమ్మ
నిదానం గారూ, మీ ఇంట్లో ఎంతమంది? ఏం అనుకోకండి, నిజంగానే అడుగుతున్నాను.

నిదానం
ఇద్దరం. సరే, అర్థమైంది :) ఇద్దరున్న ఇంటికి రెక్కలు నడుస్తాయి, ఐదుగురున్న ఇంటికి కష్టం. అది ఒప్పుకుంటాను.

పాత_మేస్త్రీ
అత్తయ్య గారు జారిన సంగతి ముందు చూడండి. చెప్పుల కుప్ప ఇంకో నెల ఉన్నా ఏం కాదు. మీ నడవలో టైల్ ఏది? అద్దంలా మెరిసేదా?

సన్నసందు
అవునండీ, మెరిసేదే. హాల్లో వేసినవే గుమ్మం దాకా వేశారు. దాని మీద నూలు పట్టా ఒకటి పరిచి ఉంది.

పాత_మేస్త్రీ
అదే కారణం. మెరిసే టైల్ మీద నీటి పొర పడిందంటే కాలికి పట్టు దొరకదు. దాని మీద అడుగున రబ్బరు లేని నూలు పట్టా వేస్తే చక్రాల బండి ఎక్కినట్టే.
టైల్ కొనేటప్పుడు చాలామంది రంగు చూస్తారు, జారుడు సంఖ్య చూడరు. ఆర్9 నుంచి ఆర్13 వరకు అని ఒక కొలత ఉంది. టైల్స్ పరిచిన వాలు పలక మీద నూనె పోసి, మనిషిని నడిపిస్తూ వాలు పెంచుకుంటూ పోతారు. ఎంత వాలు దగ్గర కాలు జారితే దాన్ని బట్టి ఆ సంఖ్య. ఆర్9 అన్నిటికంటే తక్కువ పట్టు, ఆర్13 ఎక్కువ. వీధి గుమ్మం దగ్గర ఆర్10 గానీ ఆర్11 గానీ బాగుంటుంది. ఆర్12, 13 ఇళ్లకి వద్దు, మరీ గరుకుగా ఉండి మట్టి పట్టుకుంటుంది. తుడిచే గుడ్డ కూడా చిరుగుతుంది.
ఇప్పుడు టైల్స్ పగలగొట్టమని చెప్పను. నడవలో మొదటి 3 అడుగులు మార్చుకున్నా చాలు. మార్చేటప్పుడు టైల్స్ మధ్య సందులకి సిమెంటు బదులు ఎపాక్సీ అనే జిగురు ముద్ద వేయించండి. సిమెంటు సందు తడి పీల్చి నల్లబడుతుంది, ఇది పీల్చదు. అంతదాకా ఆ నూలు పట్టా ఈ రోజే తీసేయండి.

చినుకు
మేస్త్రీ గారి మాటకి నాదొక చేర్పు. పట్టా ఒకటి కాదు, రెండు ఉండాలి. రెండూ వేరు వేరు పనులు చేస్తాయి. తలుపు బయట వేసేది మట్టి గీకడానికి: కొబ్బరి పీచుదో, గాడులున్న రబ్బరుదో. లోపల వేసేది తడి పీల్చడానికి: నూలుదో, మైక్రోఫైబర్‌దో. చాలా ఇళ్లలో కొబ్బరి పీచు పట్టా తెచ్చి లోపల వేస్తారు. అది తడి పీల్చదు, పైగా పోగులు రాల్చి ఇల్లంతా చేస్తుంది. మెత్తటి పట్టా బయట వేస్తారు. అది రెండు వానలకి బురద ముద్దవుతుంది.
లోపలి పట్టా పొడవు కూడా ముఖ్యం. ఒక్క అడుగు పడేంత చిన్నది వేస్తే ఒక పాదం తుడుచుకుంటుంది, రెండోది నేల మీద పడుతుంది. రెండు పాదాలూ కనీసం ఒక్కోసారి పడాలంటే 3 అడుగుల పొడవు ఉండాలి. అడుగున రబ్బరు అతికించినది చూసుకోండి. లేకపోతే జారకుండా పట్టా కింద వేసే రబ్బరు వల దొరుకుతుంది, కత్తెరతో సైజుకి కోసుకోవచ్చు.
కొనేముందు తలుపు కింద సందు కొలవండి. మా ఇంట్లో ముప్పావు అంగుళం మందం పట్టా కొన్నాం, తలుపు కింద సందు అర అంగుళం. తలుపు తీసినప్పుడల్లా పట్టా ముడుచుకుని అడ్డం పడేది. జారకుండా కొన్న పట్టా తట్టుకుని పడేలా చేసింది.

రెండో_అంతస్తు
ఇవన్నీ ఎందుకు, చెప్పుల స్టాండు తలుపు బయట వరండాలో పెట్టుకుంటే సరిపోతుందిగా? మేం అలాగే చేశాం. వాసనా లేదు, మట్టీ లేదు.

పాత_మేస్త్రీ
సొంత ఇల్లయితే మీ ఇష్టం. అపార్ట్‌మెంటు అయితే ఆ వరండా మీ ఒక్కరిది కాదు, అందరూ బయటపడే దారి. మంటలొచ్చి పొగ కమ్మితే కళ్లకి ఏమీ కనపడదు, గోడ తడుముకుంటూ పోవాలి. అప్పుడు కాళ్లకి తగిలేది ఈ స్టాండ్లే. కాలే వస్తువు కూడా అదే.

రెండో_అంతస్తు
నేను ఆ కోణంలో ఆలోచించలేదు. మాది అపార్ట్‌మెంటే. పక్కింటివాళ్లూ పెట్టారు, ఎదురింటివాళ్లూ పెట్టారు, అందుకని మేమూ పెట్టాం. ఈ ఆదివారం లోపలికి తెచ్చేస్తాను. అయితే ఈ చర్చ ఇప్పుడు నాక్కూడా పనికొస్తుంది, కొనసాగించండి.

ఫిజియో_అక్క
పెద్దవాళ్లకి వ్యాయామాలు చేయించే పని నాది. సన్నసందు గారూ, అత్తయ్య గారు చెప్పులు ఎలా విప్పుతారో ఒకసారి పక్కనుంచి చూడండి. కూర్చునా, నిలబడా? నిలబడే అయితే ఒక చెయ్యి ఎక్కడో ఆనించి తీరాలి. ఆ చెయ్యి ఎక్కడ ఆనుతుందో గోడే చెప్తుంది. పగటి వెలుగులో గోడని ఏటవాలుగా చూడండి, మరక కనిపిస్తుంది.

సన్నసందు
ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. నాకు ఒళ్లు జలదరించింది.
అల్మరా ఎదుటి గోడ మీద, గడప నుంచి జానెడు లోపలికి, నా నడుముకి కాస్త పైన, అరచెయ్యంత మేర పెయింటు మెరుపు పోయి బూడిద రంగుకి తిరిగింది. నాలుగు వేళ్లు పైకి, బొటనవేలు పక్కకి, విడివిడిగా తెలుస్తున్నాయి. రోజూ అదే చోట చెయ్యి పెడితే తప్ప అలా పడదు. ఈ గోడ నేను వారానికోసారి తుడుస్తాను. పెయింటు మాసిందని విసుక్కున్నాను తప్ప అది అత్తయ్య చెయ్యి అని ఒక్కనాడూ తట్టలేదు. అడిగితే "అలవాటే అమ్మా, మోకాలు వంగదు కదా" అన్నారు. కార్పెంటర్ ఇంకో అల్మరా పెడదామన్నది సరిగ్గా ఆ గోడకే.

ఫిజియో_అక్క
అక్కడ పట్టుకునే కమ్మీ ఒకటి బిగించండి. ఒకటింపావు నుంచి ఒకటిన్నర అంగుళం లావు ఉంటే పిడికిలికి సరిగ్గా పడుతుంది. గోడకీ కమ్మీకీ మధ్య ఒకటిన్నర అంగుళం సందు చాలు. అంతకంటే ఎక్కువ వదిలితే జారినప్పుడు మోచెయ్యి ఇరుక్కుంటుంది. తువ్వాలు ఆరేసుకునే కడ్డీ మాత్రం పెట్టకండి. అది మనిషి బరువు మోయడానికి చేసింది కాదు.
కూర్చోవడానికి కూడా చోటు కావాలి. బల్ల ఎత్తు 18 అంగుళాలు, ఆవిడ పొడగరి అయితే 19. కూర్చున్నప్పుడు పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి. 14, 15 అంగుళాల బుల్లి స్టూళ్లు పిల్లలకి బాగుంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చుంటే లేవలేరు. బల్లకి ఒక పక్క చెయ్యి ఆనించే కొమ్ము ఉంటే ఇంకా మంచిది, లేచేటప్పుడు దాన్ని నొక్కి లేస్తారు. పొడుగు కాడ ఉన్న షూహార్న్ (బూటులోకి మడమ దూర్చుకునే గరిటెలాంటిది) ఒకటి పక్కన తగిలిస్తే వంగే పని కూడా తగ్గుతుంది.

బుల్లిగూడు
బల్ల అంటే మూత ఎత్తితే లోపల సామాను పట్టేది తీసుకోవచ్చు కదా? జాగా కలిసొస్తుంది.

హడావిడి_అమ్మ
మేం తీసుకుని బాధపడ్డాం బుల్లిగూడు గారూ. మూత మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది: సంచి, స్వెట్టరు, వచ్చిన పార్సిలు. అవన్నీ తీసి మూత ఎత్తడం ఎవరికీ ఓపిక లేదు. లోపల ఏముందో ఆర్నెల్లకోసారి చూస్తే ఆశ్చర్యమేసేది. పోయిందని ఏడ్చిన బంతి కూడా అందులోనే దొరికింది. పైగా మూత పిల్లల వేళ్ల మీద పడుతుందని భయం. పక్క నుంచి పెట్టుకునే అరలైతే పైన ఎవరు కూర్చున్నా పని ఆగదు.

బుల్లిగూడు
బంతి దొరికిందిగా, అదొక లాభం :)

కొక్కెం
కుర్చీ ఖాళీగా ఉంటే మనుషుల కంటే ముందు బట్టలు కూర్చుంటాయి. దానికి మందు కొక్కేలే. మనిషికి రెండు కొక్కేలు చొప్పున పెట్టండి, ఒకటి సంచికి, ఒకటి కోటుకో టోపీకో. అంతకుమించి పెడితే ఒకదాని మీద ఒకటి వేలాడి చిందరవందరగా తయారవుతుంది. కొక్కేనికీ కొక్కేనికీ మధ్య 7, 8 అంగుళాలు వదలండి. పెద్దవాళ్లకి 5 అడుగుల ఎత్తులో, పిల్లలకి మూడున్నర అడుగుల్లో. పిల్లల కొక్కెం పిల్లల చేతికి అందకపోతే ఆ సంచి మోసేది అమ్మే.
గోడకి నేరుగా కొట్టకండి. ముందు 4 అంగుళాల వెడల్పు గట్టి చెక్క పలక ఒకటి గోడకి నాలుగైదు చోట్ల స్క్రూలతో బిగించి, కొక్కేలు దానికి వేయండి. బరువు అంతా ఒకే ప్లగ్ (స్క్రూ పట్టు కోసం గోడ కన్నంలో దిగ్గొట్టే గొట్టం) మీద పడదు. బోలు ఇటుక గోడ గానీ జిప్సం బోర్డు గానీ అయితే మామూలు ప్లగ్ నాలుగు రోజుల్లో వదులైపోతుంది. దానికి వేరే ప్లగ్‌లు ఉంటాయి, వెనక విచ్చుకునేవి. అవే వాడాలి.

సన్నసందు
అందరికీ ఒకేసారి చెప్తున్నా. ఈ వారం బాబాయ్ గారు చెప్పినట్టే సుద్దముక్క పట్టుకుని తిరిగాను. ఇంట్లో ఉన్నవి 31 జతలు. వారంలో కనీసం రెండు సార్లు బయటికి వెళ్లినవి 11. పెద్దవాళ్లవి 7, పిల్లలవి 4. మిగతా 20 జతల కోసమే ఆ అల్మరా కట్టించినట్టయింది. చెప్పులు పడే గీతలన్నీ గడప నుంచి రెండున్నర అడుగుల లోపలే ఉన్నాయి. అల్మరా రెక్క తెరుచుకునేది నాలుగో అడుగు దగ్గర.

టేపు_బాబాయ్
ఇక నేను చెప్పేదేముందమ్మా, మీరే తేల్చేశారు. ఆ 20 జతలూ డబ్బాల్లో పెట్టి, మీద పేరు రాసి, లోపలి గదిలో అటక మీదికి పంపండి. ఈ 11 జతలకి నేనొక కొలత చెప్తాను, మీ కార్పెంటర్‌కి ఇవ్వండి.
పొడవు 4 అడుగులు, లోతు 12 అంగుళాలు. పెద్దవాళ్ల చెప్పు 11, 12 అంగుళాలు దాటదు, అందుకని 14 అక్కర్లేదు. 48లో 12 పోతే దారికి సరిగ్గా 36 వస్తుంది. ఎత్తు ఇలా కూడుకోండి: కింద కాళ్లు 4 అంగుళాలు, ముప్పావు అంగుళం పలక, 6 అంగుళాల అర, మళ్లీ ముప్పావు పలక, ఇంకో 6 అంగుళాల అర, పైన ముప్పావు పలక. మొత్తం 18 అంగుళాల పావు. ఆ అక్క గారు చెప్పిన కూర్చునే ఎత్తు అదే వచ్చింది చూడండి. బల్లా అదే, స్టాండూ అదే.
మధ్యలో నిలువు పలక ఒకటి తప్పనిసరి. 4 అడుగుల పొడవు పలక మీద మనిషి కూర్చుంటే కొన్నాళ్లకి నడుం వంగిపోతుంది. అలా నాలుగు గళ్లు వస్తాయి. పెద్దవాళ్ల జతకి ఎనిమిదిన్నర అంగుళాలు, పిల్లల జతకి 6. గడికి పెద్దవి రెండు, చిన్నది ఒకటి పడతాయి. మొత్తం 12 జతలు. మీకు కావాల్సింది 11. కాళ్ల కింద ఉన్న 4 అంగుళాల్లోకి ఇంట్లో వేసుకునే చెప్పులు తోసేయొచ్చు, తడిగుడ్డతో తుడవడానికీ చెయ్యి పోతుంది.
ముందు వైపు రెక్కలు లేవు. వెనక పలక కూడా వద్దు, గోడే వెనక. అరలకి కూడా నిండు పలక కాకుండా వేలెడు సందు వదిలిన పట్టీలు వేస్తే మట్టి కిందికి రాలిపోతుంది.

రెండో_అంతస్తు
లెక్కల మాస్టారిలా చెప్పారు బాబాయ్! రాసుకున్నాను. ఒక అనుమానం: 12 అంగుళాల లోతు కూర్చోవడానికి ఇరుకు కదా?

టేపు_బాబాయ్
గంటసేపు కూర్చోవడానికి ఇరుకే. 15, 16 ఉంటే హాయిగా ఉంటుంది. చెప్పులు విప్పడానికి రెండు నిమిషాలు కూర్చునే బల్ల అది. మీ నడవ 5 అడుగుల వెడల్పు ఉంటే 15 వేసుకోండి. ఈవిడకి దారి ముఖ్యం.

నిదానం
వాసన సంగతి ఎవరూ చెప్పలేదు. నేను దానితో రెండేళ్లు పోరాడాను కాబట్టి రాస్తున్నాను. సెంటు బిళ్లలు, స్ప్రేలు అన్నీ వాడాను. అవి వాసన మీద ఇంకో వాసన వేస్తాయి, అంతే. చెమటకి సొంతంగా పెద్ద వాసన ఉండదు. తడిగా, చీకటిగా, గాలి లేకుండా ఉన్న బూటులో బ్యాక్టీరియా పెరిగి ఆ చెమటని విరగ్గొడితే వచ్చే ఆమ్లాలదే ఆ కంపు. అంటే తడి పోవాలి, గాలి ఆడాలి. రోజంతా వేసుకున్న బూటు ఆరడానికి ఒక రోజన్నా పడుతుంది. అందుకే రోజూ ఒకే జత వేసేవాళ్ల బూట్లు ఎప్పటికీ ఆరవు. రెండు జతలు మార్చి మార్చి వేసుకుంటే సగం సమస్య తీరుతుంది.
వానలో తడిస్తే లోపల పాత న్యూస్‌పేపర్ ఉండలు చుట్టి కుక్కండి, గంట గంటన్నరకి మార్చండి. తోలు బూట్లని హీటర్ ముందు పెట్టకండి, తోలు పగులుతుంది, జిగురు వదులుతుంది. ఆరాక కూడా వాసన ఉంటే గుడ్డమూటలో వంటసోడా కట్టి రాత్రి లోపల ఉంచితే ఆమ్లాన్ని తగ్గిస్తుంది.
ఇంకా మూసిన అల్మరాయే కావాలనుకునే నాలాంటివాళ్లకి: కింద ఒక చీలిక, పైన ఒక చీలిక ఉండాలి. ఒక్క చోట కన్నం పెడితే గాలి కదలదు.

చినుకు
ఉబ్బిన ప్లైవుడ్‌కి కారణం గొడుగేనని నా పందెం. అల్మరాకి ఆనించి పెడతారా?

సన్నసందు
అవునండీ!! ఉబ్బింది సరిగ్గా ఆ మూలే. ఎలా కనిపెట్టారు?

చినుకు
మా ఇంట్లో కూడా అదే మూల :) గొడుగు నుంచి కారిన నీరు నేల మీద పాకి అంచు దగ్గర ఆగుతుంది. అంచుకి పట్టీ అతికించని చెక్క ఆ నీటిని వత్తిలా పైకి లాగుతుంది. చెక్క పొట్టు అతికించి చేసే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అయితే ఒకసారి ఉబ్బితే మళ్లీ మామూలు కాదు. అందుకే కాళ్ల మీద లేపమని బాబాయ్ చెప్పింది. గొడుగుకి తలుపు పక్కన ఒక కొక్కెం, దాని కింద అంచున్న ప్లాస్టిక్ ట్రే. ట్రేలో గులకరాళ్లు పరిస్తే నీరు కిందికి దిగి గొడుగు మొన తడిలో నానదు. ట్రే మాత్రం వానలు ఆగేదాకా రోజూ పారబోయాలి. నిలవ నీటికి దోమలు వస్తాయి.

కొక్కెం
హెల్మెట్లు మర్చిపోయారు. పట్టీ పట్టుకుని కొక్కేనికి తగిలిస్తే తలుపు తీసినప్పుడల్లా కొట్టుకుంటుంది. కొక్కేల పలక పైన ఒక అర, 12 అంగుళాల లోతు, హెల్మెట్లు అక్కడ. తల తగలని ఎత్తులో.

బుల్లిగూడు
తాళాలు? మా ఇంట్లో రోజూ పొద్దున పది నిమిషాలు వాటి కోసమే పోతాయి.

టేపు_బాబాయ్
చెయ్యి చాపితే అందే చోట చిన్న గిన్నె గానీ కొక్కెం గానీ. కాకపోతే తలుపు తీసి నిలబడ్డ కొత్తవాళ్లకి, కిటికీలోంచి చూసేవాళ్లకి కనపడకూడదు. నేనైతే కొక్కేల పలక వెనక వైపు చిన్న గూడు చేసిస్తాను.

రాత్రిడ్యూటీ
రాత్రి రెండింటికి ఇంటికొచ్చే మనిషిగా ఒక్కటి చెప్తాను. లైటు. స్విచ్ తలుపు గొళ్లెం ఉన్న వైపు ఉండాలి. బందులున్న వైపు పెడితే తలుపు తెరవగానే స్విచ్ తలుపు వెనక్కి పోతుంది, చీకట్లో తడుముకోవాలి. మా ఇంట్లో అలాగే ఉండేది. స్విచ్ మార్చడం కుదరక మనిషి కదలికకి వెలిగే సెన్సార్ లైటు పెట్టాను, ఇంట్లోవాళ్లకి నిద్రాభంగం లేదు. ఆ సెన్సార్ ఒంటి వేడి కదలికని పసిగడుతుంది. మనిషి దాని ముందు అడ్డంగా దాటితే వెంటనే వెలుగుతుంది, నేరుగా ఎదురొస్తే ఆలస్యమవుతుంది. అందుకని తలుపుకి ఎదురు గోడ మీద కాకుండా పక్క గోడకి పెట్టండి. బల్బు 3000 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు) తీసుకుంటే కళ్లలో గుచ్చుకోదు.

ఫిజియో_అక్క
రాత్రిడ్యూటీ గారు చెప్పింది పెద్దవాళ్లున్న ఇంటికి ఇంకా అవసరం. గడప అంచు కనపడాలి. నేల రంగూ గడప రంగూ ఒకటే అయితే అంచుకి వేరే రంగు పట్టీ అతికించండి.

పాత_మేస్త్రీ
బల్ల బిగించే ముందు వీధి తలుపు మెల్లగా పూర్తిగా తెరుస్తూ దాని అంచు వెంబడి నేల మీద సుద్దతో గీయండి. ఆ వంపు గీత లోపలికి ఏదీ రాకూడదు. కాగితం మీద ప్లాను బాగానే ఉంటుంది, తలుపు తిరిగేటప్పుడు మూల తగులుతుంది. అన్నట్టు బల్ల వెనక గోడకి నడుం ఎత్తు దాకా కడిగితే పోని పెయింటు వేయించండి, బూట్ల మరకలు పడతాయి.

సన్నసందు
ఐదు వారాల తర్వాత వస్తున్నాను, మన్నించండి. పని కాస్తా ముగిసేదాకా ఆగాను.
పాత అల్మరా ఊడదీశాం. పై భాగం చెక్క బాగానే ఉంది కాబట్టి దాంతోనే బల్ల చేశారు, బాబాయ్ గారు చెప్పిన కొలతల ప్రకారమే. తలుపు వంపు గీత వదిలేసరికి బల్ల గడప నుంచి 20 అంగుళాల దూరంలో మొదలైంది. నాలుగు గళ్లు. పిల్లలు మొదటి రోజే గళ్లు పంచుకుని పేర్లు రాసుకున్నారు. పట్టీల అర మాత్రం మా కార్పెంటర్ మొదట ఒప్పుకోలేదు, చేశాక ఆయనే బాగుందన్నారు.
బయట రబ్బరు పట్టా, లోపల రబ్బరు అడుగున్న 3 అడుగుల పట్టా. మెరిసే టైల్స్ ఇంకా మార్చలేదు, ఎండలు వచ్చాక మొదటి 3 అడుగులకీ ఆర్10 వేయిద్దామని నిర్ణయించాం.
కమ్మీ సంగతి. గోడ మీద ఆ మరకని తుడవనివ్వలేదు నేను. దాని మీదే కొలత పెట్టి, మధ్యవేలు పడే చోట గుర్తు గీసి, కమ్మీ బిగించాం. అత్తయ్య ఏమీ అనలేదు. సాయంత్రం నడకకి వెళ్లొచ్చి గుమ్మంలోకి అడుగు పెడుతూనే, చూడకుండానే చెయ్యి చాపారు. చెయ్యి సరిగ్గా కమ్మీ మీద పడింది. బల్ల మీద కూర్చుని చెప్పులు విప్పి, కాలితోనే గడిలోకి తోశారు.
ఒక్క ఇబ్బంది మిగిలింది. ఆవిడ కమ్మీ పట్టుకుని కూర్చున్నప్పుడు బల్ల కొంచెం కదులుతోంది. గోడకి బిగించమంటారా?

టేపు_బాబాయ్
వెంటనే బిగించండమ్మా, ఈ రోజే. పై పలక కింద వెనక వైపు ఎల్ అక్షరంలా వంచిన ఇనుప బిళ్లలు రెండు, గోడకి స్క్రూలు. కాళ్ల కింద రబ్బరు బిళ్లలు కూడా వేయించండి. బిగించేదాకా ఆవిడని ఒంటరిగా కూర్చోనివ్వకండి.

సన్నసందు
మధ్యాహ్నం బిగించేశారు. ఊపి చూశాను, కదలడం లేదు.

రెండో_అంతస్తు
నాకు 5 అడుగుల నడవ. రేపు కార్పెంటర్ వస్తున్నారు. సుద్దముక్క జేబులో ఉంది.